నెట్ స్లో అంటే అసలు ఏది స్లో? టెక్నాలజీ ఇంగ్లీషులో మనం ఎక్కడ ఇరుక్కుంటున్నామంటే

మా బావమరిది ఐఈఎల్‌టీఎస్‌కి, అంటే బయటి దేశాలకి వెళ్లాలంటే రాసే ఇంగ్లీషు పరీక్షకి, ప్రిపేర్ అవుతున్నాడు. ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి నా ముందు కూర్చుని స్పీకింగ్ ప్రాక్టీస్ చేస్తాడు. నేనేం ఇంగ్లీషు మాస్టర్ని కాదు, పదకొండేళ్లుగా నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగం, రోజంతా బయటి దేశాల క్లయింట్లకి వాళ్ల నెట్ ఎందుకు పోయిందో ఫోన్లో చెప్పుకుంటూ కూర్చునే పని, కాబట్టి టెక్నాలజీ టాపిక్ వరకు నాకు నాలుగు ముక్కలు వచ్చని మా ఇంట్లో ఒక నమ్మకం. మొన్న "మీకు బాగా ఉపయోగపడే ఒక వస్తువు గురించి చెప్పండి" అని పరీక్షలో ఇచ్చినట్టే టాపిక్ కార్డు ఇచ్చా. రూల్ ప్రకారం ఒక్క నిమిషం ఆలోచించుకుని మొదలెట్టాడు. స్మార్ట్‌ఫోన్లు యుబిక్విటస్ (ఎక్కడ చూసినా ఉండేవి) అయిపోయాయట, కటింగ్ ఎడ్జ్ టెక్నాలజీ అట, మానవ జీవితాన్ని రివల్యూషనైజ్ చేశాయట. భలే చెప్పావురా అనుకుని, సరే మరి నీ ఫోన్‌తో ఎప్పుడైనా ఇబ్బంది పడ్డావా అని మామూలుగా అడిగా.

"మై ఫోన్ ఈజ్ స్ట్రక్ బావా... ఛార్జింగ్ ఈజ్ నాట్ దేర్... సిగ్నల్ ఈజ్ నాట్ కమింగ్..."

యుబిక్విటస్ పలికిన నోరే స్ట్రక్ కూడా పలికింది. స్ట్రక్ అంటే దెబ్బ తగలడం, పిడుగు పడితే వాడే మాట, ఫోన్ కదలకుండా ఆగిపోతే దాన్ని స్టక్ అంటారు. మనవాళ్లలో ఎంతమంది "ట్రాఫిక్‌లో స్ట్రక్ అయిపోయా" అంటారో లెక్కలేదు, అవతల ఇంగ్లీషువాడు వింటే పాపం వీడిని ఏదో బండి గుద్దేసిందేమో అనుకుంటాడు. వీడి తప్పు కూడా కాదు లెండి, కోచింగ్‌లో టాపిక్‌కి ముప్పై బరువైన పదాలు అని లిస్టు ఇచ్చి బట్టీ పట్టించారు, ఆ లిస్టులో ఫోన్ ఆగిపోవడం అనే సంగతే లేదు.

నా లెక్కలో అడ్వాన్స్‌డ్ వొకాబులరీ అంటే పొడుగు పదాలు కాదు. మనం తెలుగులో ఒకే మాటతో సరిపెట్టేసే చోట ఇంగ్లీషులో నాలుగు వేరువేరు సంగతులు ఉంటాయి, ఆ నాలుగింటినీ విడదీసి చెప్పగలగడం, చెప్పేటప్పుడు ఆ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో తెలియడం, అంతే. ఈ పక్కమాట సంగతి తెలుగులో మనకి పుట్టుకతోనే వచ్చేసింది కాబట్టి ఎప్పుడూ ఆలోచించం. చిమ్మచీకటి అంటాం, పచ్చి అబద్ధం అంటాం, మిట్ట మధ్యాహ్నం అంటాం. ఎవడైనా వచ్చి పచ్చి చీకటి, చిమ్మ అబద్ధం అన్నాడనుకోండి, గ్రామర్ తప్పేం లేదు, కానీ నవ్వుతాం. ఇంగ్లీషులో మన పరిస్థితి సరిగ్గా అదే. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో మార్కులు వేసేది నాలుగు విషయాల మీద, అందులో ఒకటి లెక్సికల్ రిసోర్స్, అంటే పదసంపద, అక్కడ పైబ్యాండ్, అంటే ఎక్కువ స్కోరు, ఇవ్వాలంటే వాళ్లు చూసేవాటిలో ఈ పక్కమాటల పొందిక ఒకటి.

ఫోన్ దగ్గరే మొదలెడదాం. మనం "ఛార్జింగ్ లేదు" అంటాం. ఇంగ్లీషులో ఛార్జింగ్ అంటే వైరు పెట్టి ఎక్కించే పని, అది ఉండటం లేకపోవడం ఏంటి? వాళ్లు బ్యాటరీ డెడ్ అంటారు, అయిపోవస్తుంటే "రన్నింగ్ లో" (running low) అంటారు, తొందరగా దిగిపోతుంటే డ్రెయిన్ అవుతోంది అంటారు, డ్రెయిన్ అంటే మన మురిక్కాలవే, నీళ్లు జారిపోయినట్టు జారిపోతోందని. "ఫోన్ లిఫ్ట్ చెయ్" అంటే బరువు ఎత్తినట్టు, పికప్ అనాలి. "ఫోన్ కలవట్లేదు" అనేది ఎంత చక్కటి తెలుగో చూడండి, దాన్ని నాట్ కనెక్టింగ్ అని లాగే బదులు కాంట్ గెట్ త్రూ అంటే అచ్చం ఆ భావమే వస్తుంది. "మెసేజ్ పెట్టు" అని పుట్ మీ ఎ మెసేజ్ అనకూడదు, డ్రాప్ మీ ఎ మెసేజ్ అనొచ్చు, ఎందుకు పుట్ కుదరదు డ్రాప్ కుదురుతుంది అంటే నా దగ్గర సమాధానం లేదు, చిమ్మచీకటిలో చిమ్మ ఎందుకొచ్చింది అంటే మీ దగ్గర ఉందా?

ఇక అసలు రోగం. "నెట్ స్లో."

డాక్టర్ దగ్గరికెళ్లి ఒంట్లో బాలేదు అంటే ఆయనేం మందిస్తాడు? నెట్ స్లో కూడా అంతే, ఆ రెండు మాటల కింద కనీసం అయిదు రోగాలున్నాయి, ఒక్కోదానికి ఇంగ్లీషులో ఒక్కో పేరుంది. పొలంలో బోరు మోటారు ఊహించుకోండి. పైపు ఎంత లావుంటే అన్ని నీళ్లు ఒకేసారి వస్తాయి, అది బ్యాండ్‌విడ్త్. మోటారు స్విచ్ వేశాక మొదటి చుక్క ఆ చివరి మడి దాకా రావడానికి పట్టే టైం లేటెన్సీ. పైపు లావు చేసినంత మాత్రాన మొదటి చుక్క ముందుగా రాదు, మడి దూరంలో ఉంటే దూరంలోనే ఉంటుంది. ఇది అర్థం కాకే చాలామంది గేమ్‌లో లాగ్ వస్తోందని 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసి 300 పెట్టించుకుంటారు, పైపు లావైంది, చుక్క మాత్రం ఆ టైంకే వస్తోంది.

దూరం లెక్క కూడా చూద్దాం. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సుమారు 13 వేల కిలోమీటర్లు. దారం లాగినట్టు తిన్నగా కేబుల్ వేసినా వెళ్లడానికి 65 మిల్లీసెకన్లు, జవాబు రావడానికి ఇంకో 65, మొత్తం 130. అసలు కేబుళ్లు సముద్రాల చుట్టూ తిరిగి పోతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. ఈ ఫైబర్ మీద ఎంత డబ్బు కట్టినా ఏ కంపెనీవాడూ దీన్ని 130 కిందకి దించలేడు, వెలుతురుతో బేరం కుదరదు కదా. న్యూస్ ఛానల్ లైవ్‌లో చూసే ఉంటారు, యాంకర్ ప్రశ్న అడిగేశాక విదేశం నుంచి మాట్లాడే రిపోర్టర్ చెవిలో వేలు పెట్టుకుని కాసేపు బొమ్మలా నిలబడి, అప్పుడు తలూపి "అవును" అని మొదలెడతాడు. బొమ్మ అద్దంలా ఉంటుంది, అంటే బ్యాండ్‌విడ్త్‌కి లోటు లేదు, ఆ నిలబడ్డ టైమే లేటెన్సీ. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న శాటిలైట్ మీదుగా మాట ఎక్కి దిగి, మళ్లీ జవాబు ఎక్కి దిగాలంటే ఆ ప్రయాణానికే దగ్గర దగ్గర అర సెకను పోతుంది.

మూడోది జిట్టర్, చుక్కలు ఒకే వరసలో రాకుండా ఒకసారి తొందరగా ఒకసారి ఆలస్యంగా రావడం, వీడియో కాల్‌లో అవతలివాడి గొంతు రోబోలా గరగరలాడితే చాలాసార్లు కారణం ఇదే. నాలుగోది ప్యాకెట్ లాస్, డేటా ముక్కలుముక్కలుగా (ప్యాకెట్లుగా) వస్తుంది, దారిలో కొన్ని ముక్కలు పడిపోవడం, "హలో... విని... డుతోందా" బాపతు. అయిదోది కంజెషన్, దీనికి బోరు పోలిక పనికిరాదు, సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ గేటు తలుచుకోండి చాలు, రోడ్డు అదే, కారు అదే, జనం ఎక్కువ. రాత్రి తొమ్మిదికి అపార్ట్‌మెంట్ అంతా వీడియోలు పెట్టినప్పుడు జరిగేది ఇదే.

ఇంకొకటుంది, అది రోగం కాదు, కావాలని చేసేది. కొన్ని మొబైల్ ప్లాన్లలో ఇంత డేటా అని ఉంటుంది, అది దాటగానే స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, దాన్ని త్రాటలింగ్ అంటారు. ఈ మాట ఎక్కడ్నుంచి వచ్చిందంటే త్రోట్, అంటే గొంతు. త్రాటల్ అంటే మొదట్లో పీక నొక్కడం. బండి త్రాటల్ కూడా ఇంజిన్ పీక నొక్కే, వదిలే మీటే. కాబట్టి "వాడు నా నెట్ పీక నొక్కేశాడు" అని ఎవరైనా తిడితే అది తిట్టు కాదు, పక్కా అనువాదం.

ఎంబీపీఎస్‌లో బి గురించి కూడా ఒక మాట. ప్లాన్ మీద రాసేది చిన్న బి, అంటే బిట్. డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు ఫోన్ చూపించేది తరచుగా పెద్ద బి, అంటే బైట్. ఒక బైట్‌కి 8 బిట్లు, కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి గట్టిగా 12.5 మెగాబైట్లే. "వంద అని చెప్పి పన్నెండు ఇస్తున్నాడు దొంగ" అని కేబుల్ కుర్రాడితో గొడవ పడ్డవాళ్లు మా అపార్ట్‌మెంట్లోనే ఇద్దరున్నారు, ఆ ఒక్క విషయంలో కుర్రాడి తప్పేం లేదు.

పక్కమాటలు ఇక్కడా ఉన్నాయి. లేటెన్సీ హై ఉంటుంది లేదా లో ఉంటుంది, మోర్ లేటెన్సీ అనరు. వచ్చీపోయే సిగ్నల్‌ని స్పాటీ అనో ప్యాచీ అనో అంటారు, అతుకులబొంతలా అక్కడక్కడా ఉందని. కాల్ మధ్యలో పోతే డ్రాప్ అయింది. బ్యాండ్‌విడ్త్ అయితే ఇప్పుడు మనుషులకీ వచ్చేసింది, ఆఫీసులో "ఈ వారం నాకు బ్యాండ్‌విడ్త్ లేదు" అంటే ఖాళీ లేదని, మర్యాదగా తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి మాట నేను చూళ్లేదు.

పాడైపోవడం గురించి మాట్లాడాలంటే ఒక రోజు తీసుకుని చెప్తే తేలిక. 2024 జూలై 19, శుక్రవారం, మన టైం ఉదయం 9:39. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్ ఉన్న విండోస్ కంప్యూటర్లకి ఒక చిన్న ఫైల్ పంపింది. ఇలా పంపడాన్ని రోల్ అవుట్ అంటారు, చాప పరిచినట్టు. ఆ ఫైల్‌కి 21 విలువలు కావాలి, ప్రోగ్రాం ఇచ్చేది 20. లేని ఇరవై ఒకటో దాని కోసం మెమరీలో తనది కాని చోట వెతికింది, సిస్టమ్ నీలం స్క్రీన్ వేసి పడిపోయింది, అది క్రాష్. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే ఫైల్ చదివి మళ్లీ పడిపోవడం, అది బూట్ లూప్. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు, ఇది మొత్తం విండోస్ మెషీన్లలో ఒక శాతం కూడా కాదు, కానీ అవి ఉన్నది ఎయిర్‌పోర్టుల్లో ఆస్పత్రుల్లో బ్యాంకుల్లో. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కోల్‌కతా ఫ్లైట్‌కి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ఆ రోజు దేశమంతా తిరిగింది.

ఆ రోజు నాకు వచ్చిన వాట్సాప్ మెసేజుల్లో సగం "ప్రపంచమంతా హ్యాక్ అయిందట". హ్యాక్ కాదు, ఎవరూ దాడి చెయ్యలేదు. లోపల ఉన్న తప్పు బగ్. దాని వల్ల జనానికి సేవ ఆగిపోవడం అవుటేజ్. కంపెనీ 78 నిమిషాల్లో ఆ ఫైల్ వెనక్కి తీసేసింది, అది రివర్ట్ చెయ్యడం. కానీ అప్పటికే పడిపోయిన మెషీన్లు నెట్‌లోకి రాలేవు కాబట్టి మనిషి ఒక్కోదాని దగ్గరికెళ్లి సేఫ్ మోడ్‌లో (అతి ముఖ్యమైన ప్రోగ్రాంలతో మాత్రమే) తెరిచి ఫైల్ తీసెయ్యాల్సి వచ్చింది, అది వర్కరౌండ్, అడ్డదారి. ఒక్క మేకు ఊడితే పందిరంతా కూలితే ఆ మేకుని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. ఇన్ని మాటల బదులు పేపర్లో మనం చదివేది ఒక్కటే, "సాంకేతిక లోపం". కంపెనీలకి ఇష్టమైన మాట గ్లిచ్, దానికి అసలర్థం అలా వచ్చి ఇలా పోయే చిన్న తేడా, అందుకే ఎంత పెద్ద కొంప మునిగినా ప్రెస్ నోట్‌లో గ్లిచ్ అనే ఉంటుంది, మీరు దాన్ని నమ్మకండి.

బగ్ అంటే ఇంగ్లీషులో పురుగు, దాని గురించి ఒక కథ తిరుగుతుంది, 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్‌లో పురుగు ఇరుక్కుంటే ఆ మాట పుట్టిందని. పురుగు దొరికింది నిజమే, లాగ్‌బుక్‌లో అతికించారు, కానీ పక్కన రాసింది ఏంటంటే నిజంగా బగ్ దొరికిన మొదటి కేసు ఇదేనని, అంటే అప్పటికే ఆ మాట వాడుకలో ఉందనే కదా, అందుకే అది జోక్. 1878లోనే ఎడిసన్ తన ఉత్తరంలో యంత్రాల్లో తప్పులని బగ్స్ అని రాశాడు.

పైన రివర్ట్ అన్నాను కదా, దాంతో నేను తిన్న దెబ్బ చెప్పాలి. ఉద్యోగంలో కొత్తలో ఒక రాత్రి క్లయింట్ రౌటర్లో మార్పు చేసి "మార్పు పూర్తయింది, కైండ్లీ రివర్ట్" అని మెయిల్ కొట్టా. మన ఆఫీసుల్లో రివర్ట్ అంటే జవాబివ్వమని. అవతల ఇంజినీర్‌కి రివర్ట్ అంటే ఉన్నది ఉన్నట్టు వెనక్కి పెట్టమని. పాపం బుద్ధిగా నేను మూడు గంటలు కష్టపడి చేసిందంతా వెనక్కి తీసేసి "డన్" అని పంపాడు. అప్పట్నుంచి నేను రిప్లై అనే రాస్తా.

హ్యాక్ దగ్గరికొద్దాం, ఇది కూడా నెట్ స్లో లాంటిదే, అన్నిటికీ ఒకటే మాట. 1950ల్లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల రైలు బొమ్మల క్లబ్‌లో హ్యాక్ అంటే తెలివైన కిటుకు, లైఫ్ హ్యాక్‌లో ఆ పాత అర్థమే ఇంకా బతికుంది. కన్నం వేసి లోపలికొచ్చి డేటా ఎత్తుకుపోతే అది బ్రీచ్. ఈ బ్రీచ్ మనకి బాగా తెలిసిన మాటే, కాలవకి గండి పడితే ఇరిగేషన్ వాళ్లు అనేది అదే, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ మునిగినప్పుడు బుడమేరు గండ్లని ఇంగ్లీషు పేపర్లు బ్రీచెస్ అనే రాశాయి. కట్ట తెగలేదు, మనమే తూము మూయడం మర్చిపోయాం అంటే అది లీక్. ఇక ఎవరో బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మనం చెప్పేసి, తర్వాత "నా అకౌంట్ హ్యాక్ చేశారు" అంటామే, అది హ్యాక్ కాదండీ. మెయిల్‌తోనో లింకుతోనో వేస్తే ఫిషింగ్, ఫోన్లో మాటలతో వేస్తే విషింగ్, రెండూ గాలం వెయ్యడమే, చేపల ఫిషింగే. ముందు ఎఫ్ బదులు పీహెచ్ ఎందుకంటే, పాత రోజుల్లో టెలిఫోన్ లైన్లని మోసం చేసి ఫ్రీగా మాట్లాడేవాళ్లు ఫ్రీకింగ్ అని ఫోన్‌లోని పీహెచ్ పెట్టి రాసుకునేవాళ్లు, ఆ వాసన. తాళం పగలగొట్టకుండా మనిషిని మాటల్లో పెట్టి తాళంచెవి తీసుకునే ఈ మొత్తం విద్యకి పెద్ద పేరు సోషల్ ఇంజినీరింగ్. డిజిటల్ అరెస్ట్ కూడా ఇదే కులం, చట్టంలో అలాంటి అరెస్టే లేదు, మాట మాత్రం మన దేశంలో ఇంటింటికీ తెలిసిపోయింది, 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి హెచ్చరించాల్సి వచ్చింది.

నాకు బాగా నచ్చే పదాల గుంపు ఇంకొకటి, డార్క్ ప్యాటర్న్స్. 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ పెట్టిన పేరు, మన చేత మనకి అక్కర్లేని పని చేయించేలా కావాలని స్క్రీన్‌ని డిజైన్ చెయ్యడం. మన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న వీటి మీద మార్గదర్శకాలు తెచ్చి 13 రకాలు పేరుపేరునా రాసింది, ఆ లిస్టు చదువుతుంటే ఓరి ఇది నాకూ జరిగిందే అనిపిస్తుంది. మనం పెట్టని వస్తువు కార్టులో దూరిపోవడం బాస్కెట్ స్నీకింగ్. నేను ఒకసారి టికెట్లు బుక్ చేస్తుంటే ఇన్సూరెన్సూ విరాళమూ రెండూ వాటంతటవే ఎక్కి కూర్చున్నాయి, కూరగాయల దగ్గర కొసరు మనం అడిగి వేయించుకుంటాం, ఇక్కడ కొసరు మన జేబులోంచి వాళ్లే తీసుకుంటున్నారు. మొదట 499 చూపించి చివరి స్క్రీన్‌కి చుక్క చుక్కగా 612 చెయ్యడం డ్రిప్ ప్రైసింగ్. "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అని రాసిన బటన్ నొక్కిస్తే కన్ఫర్మ్ షేమింగ్, సిగ్గుపడేలా చేసి ఒప్పించడం, ఇది మన పెళ్లి భోజనాల్లో "అయ్యో ఇంకో గారె వేసుకోకపోతే మా మీద కోపమా" అనే దానికి దగ్గరి చుట్టం. చేరడం ఒక క్లిక్, మానెయ్యడం మాత్రం ఏడు స్క్రీన్లు అయితే సబ్‌స్క్రిప్షన్ ట్రాప్. ఈ మాటలు తెలిస్తే పరీక్ష సంగతి ఎలా ఉన్నా కస్టమర్ కేర్‌కి మెయిల్ రాసేటప్పుడు బలం వస్తుంది, "మీ యాప్ బాలేదు" కంటే "ఇది బాస్కెట్ స్నీకింగ్, గైడ్‌లైన్స్‌లో ఉంది" అంటే ఒకసారి నా డబ్బు మూడు రోజుల్లో వెనక్కొచ్చింది.

పాతవాటి గురించి త్వరగా చెప్పేస్తా. అవుట్‌డేటెడ్ అంటే పాతబడింది, పని చేస్తుంది. ఆబ్సలీట్ అంటే కాలం చెల్లింది, ఇక దాదాపు ఎవరూ వాడరు, పేజర్ లాగా. లెగసీ అంటే తాతల ఆస్తి, బ్యాంకుల్లో ముప్పై ఏళ్ల నాటి సాఫ్ట్‌వేర్, తీసెయ్యలేరు, దాన్ని ముట్టుకోవాలంటే అందరికీ భయం. డెప్రికేటెడ్ అంటే ఇంకా ఉంది కానీ కొత్తగా వాడొద్దు, త్వరలో తీసేస్తాం అని నోటీసు అంటించిన బిల్డింగ్. కొత్తవాటిలో కటింగ్ ఎడ్జ్ కత్తి అంచు, బ్లీడింగ్ ఎడ్జ్ అయితే పట్టుకున్నవాడి వేలు కూడా తెగేంత కొత్త.

వీటన్నిటినీ రెండు ఆదివారాలు నూరిపోశాక మళ్లీ అదే కార్డు ఇచ్చా. ఈసారి నాలుగేళ్ల పాత ఫోన్ అని మొదలెట్టాడు, మధ్యాహ్నానికల్లా బ్యాటరీ డ్రెయిన్ అయిపోతుందన్నాడు, వాళ్ల హాస్టల్లో సిగ్నల్ స్పాటీ అన్నాడు, పోయిన నెల అప్‌డేట్ రోల్ అవుట్ అయ్యాక కెమెరా యాప్ క్రాష్ అవుతుంటే ఒక వర్కరౌండ్ కనిపెట్టానన్నాడు. రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు, యుబిక్విటస్ ఒక్కసారి కూడా రాలేదు. ఇంతలో లోపల్నుంచి మా ఆవిడ "ఏమండీ, నెట్ స్లోగా ఉంది, కాస్త చూడండి" అంది. "ఏది స్లో అక్కా, బ్యాండ్‌విడ్తా లేటెన్సీయా?" అన్నాడు వీడు. అడిగింది వాడు, తిట్లు మాత్రం నాకు పడ్డాయి.